మామ్మను సాగనంపి వస్తాను

బుకిట్ పంజాంగ్,
మామ్మ వాళ్ల బ్లాకు కింద, ఆమెను పడుకోబెట్టిన వాయిడ్ డెక్ అనే ఖాళీ అంతస్తు నుండి.

శ్రీయుత పోలీసు పోస్టు ఆఫీసరు గారి సముఖమునకు,

షిప్‌యార్డు వెల్డరు, వర్క్ పర్మిట్ మీద ఉన్న నూకరాజు వ్రాసుకొను అర్జీ.

విషయం: అనుమతి లేకుండా ఇంటింటికీ తిరిగి చావు చందా పట్టిన నేరమునకు రేపు ఉదయం హాజరు కావలసిన నేను, మామ్మను మోసిన తరువాత హాజరగుటకు అనుమతి కోరుట గురించి.

అయ్యా,

ఈ ఉదయం తమరు నన్ను లిఫ్టు దగ్గర ఆపి, కార్డు నంబరు రాసుకుని, పట్టిన సొమ్ముతోను, ఇచ్చినవారి పేర్లతోను రేపు రమ్మని, జరిగినది ఒక పేజీలో రాసి తెమ్మని ఆజ్ఞాపించితిరి. "నీ భాషలోనే రాయి, మేం చదివించుకుంటాం" అని తమ పక్కనున్న తమిళ కానిస్టేబుల్ గారు చెప్పినందున తెలుగులో రాయుచున్నాను. ఒక పేజీలో ఇమడలేదు, క్షమించగలరు. ఊళ్లో రేషను కార్డుకీ, తుపాను సాయానికీ మా పేటవాళ్లందరి అర్జీలూ నేనే రాసేవాణ్ణి. అప్పుడు బల్ల ఉండేది. ఇప్పుడు మోకాలి మీద పెట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే కారణం అదే తప్ప అగౌరవము కాదని మనవి.

1. చనిపోయినవారు అంకమ్మ గారు. విశాఖపట్నం అవతల పుట్టి, చిన్నపిల్లగా తండ్రి వెంట ఓడెక్కి వచ్చి, జపాను వాళ్లు ఏలిన కాలం కూడా ఇక్కడే చూసినవారు. నేను ఆమెకు సొంత మనవణ్ణి కాను. తరువాత తమరు కనిపెట్టి అబద్ధమాడానని అనుకోకుండా ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక ఆదివారం దారి తప్పి ఈ బ్లాకుల మధ్య తిరుగుతూ, నన్ను నేనే పైకి తిట్టుకుంటుంటే, కూరల సంచితో పోతున్న ఆమె ఆగిపోయారు. "మన బాసేనేటి? ఏ ఊరు బాబూ? మకాన్ అయిందేటి?" అన్నారు. మకాన్ అంటే భోజనమని నాకు ఆ రోజే తెలిసింది. ఆ రోజు నుంచీ ఆమె నాకు మామ్మ. ఏ ఆదివారమైనా నేను రాకపోతే "ఏటైపోనాడే ఈడు" అని మనవరాలి చేత మా డార్మిటరీకి ఫోను చేయించేవారు. ఇంత పెద్ద ఊళ్లో నేను వచ్చానో లేదో చూసుకునే మనిషి ఆమె ఒక్కరే.

2. ఆమె కొడుకు ఏనాడో పోయారు. ఇంట్లో ఉన్నది కోడలు కుమారమ్మ ఆంటీ, మనవరాలు సరయు. ఆంటీది హాకర్ సెంటరు తిండి అంగళ్లలో బల్లలు తుడిచే పని. ఉన్నది ఆసుపత్రికే సరిపోయింది. పెట్టె, బండి, పంతులు గారు, కుర్చీలు అన్నీ కుదిర్చిన చావు పనుల కంపెనీ వారు, మిగతాది కడితేనే రేపు బండి కదులుతుందని చెప్పి వెళ్లారు. ఆ మాట విని ఆంటీ గోడ వైపు తిరిగి చెవి కమ్మలు తీసి కొంగున ముడి వేసుకోవడం నేను చూశాను. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాణ్ణి, ఆ బట్టలతోనే బయలుదేరాను. ఆంటీ నన్ను పంపలేదు. ఆంటీకి ఇప్పటికీ తెలియదు. తెలిస్తే తమకన్నా గట్టిగా అడుగుతుంది.

3. నేరము చేసిన విధము. మా పేటలో చావు చందా నోటితో అడగకూడదు. అడిగితే పోయినవారి పరువు తీసినట్టు. తువ్వాలు రెండు చేతుల మీద పరుచుకుని, గడప బయట తలవంచుకుని నిలబడాలి. ఇచ్చేవారు గుప్పిట మూసి తెచ్చి, తువ్వాలులో తెరిచి, మొహం తిప్పుకోవాలి. ఎవరు వేశారో ఎంత వేశారో చూడకూడదు. రాయకూడదు. ఆఖరున ముడి వేస్తే, ఆ ముడి పోయినవారి ఇంటి ఆడవాళ్లే విప్పాలి. నేను అలాగే చేశాను. అందుచేత తమరు అడిగిన పేర్లు నా దగ్గర లేవు. దాచడం లేదు, అసలు లేవు. నేను చూసినవి చెప్పులు మాత్రమే. అవి పనికివచ్చేటట్టయితే చెప్పగలను. ఒకరివి నీలం రబ్బరు చెప్పులు, బొటనవేలి దగ్గర తెగి పిన్నీసు పెట్టినవి. ఒకరివి కుక్కపిల్ల బొమ్మ ఉన్నవి. ఆఖరింటివి ఎర్ర పూల చెప్పులు, కొత్తవి.

4. ఆ ఎర్ర పూల చెప్పుల వారే తమకు ఫోను చేసినవారు. వారి మీద ఏ చర్యా వద్దని ముందుగా కోరుచున్నాను. కంప్యూటరు ఉద్యోగాలకు వచ్చిన మనవాళ్లు ఈ బ్లాకుల్లో ఇప్పుడు చాలామంది. పెళ్లాలు వచ్చేవరకూ అందులో సగంమంది మామ్మ చారు తాగినవారే. ఆ ఇంటి శ్యాంసుందర్ గారు కూడా. ఆయన ఉంటారనుకుని వెళ్లాను. ఆయన ఆఫీసుకు పోయారు. తలుపు తీసినది కొత్తగా కాపురానికి వచ్చిన ఆయన భార్య. మసి మొహంతో ఒక మగవాడు గుడ్డ చాపి, పలకకుండా ఉలకకుండా నిలబడితే ఆమె ఏమనుకోవాలి? "ఎవరు మీరు? ఏం కావాలె?" అని అడిగారు. గట్టిగా మళ్లీ అడిగారు. నేను నోరు విప్పలేదు. ఆ చెప్పులు వెనక్కి వెనక్కి జరగడం కనబడింది. అప్పుడైనా తిరిగి వచ్చేయవలసింది. నేను అదే నిలబాటు నిలబడ్డాను.

5. ఈ తువ్వాలు మామ్మదే. మా గదిలో ఉండే తిరుమలేష్ అనే కుర్రవాడు జ్వరంతో పోయినప్పుడు, అతణ్ణి ఊరికి పంపడానికి మామ్మ ఇదే తువ్వాలు పట్టుకుని ఈ బ్లాకులన్నీ తిరిగారు. మోకాళ్లు పట్టేస్తే మెట్ల మీద కూలబడి, "ఆడి తల్లి మొగం సూసుకోవాల కదరా" అని మళ్లీ లేచారు. చందా పట్టడానికి ఆమెకూ పర్మిట్ లేదు.

అయ్యా, ఇది రాసేశాక ఒక ఆలోచన వచ్చింది. పోయినవారి మీద కేసు పెట్టే చట్టం ఇక్కడ ఉందో లేదో నాకు తెలియదు. పై ఐదవ అంశము లేనట్టుగానే భావించవలెను. కొట్టివేస్తే ఏదో దాచానని అనుమానం వస్తుందని కొట్టివేయలేదు.

6. నా భయము. మా గదిలోని బసవయ్య "నీ పని అయిపోనాది, పెట్టె సర్దుకో" అన్నాడు. పంపేస్తారని నాకూ తెలుసు. మా సూపర్‌వైజరుకు తమ దగ్గర నుంచి ఫోను వెళ్లిందేమోనని మధ్యాహ్నం నుంచీ నా ఫోను చూసుకుంటూనే ఉన్నాను. అమ్మకు చెప్పలేదు. అయినా అది రెండో భయం. రేపు తమరు రమ్మన్న వేళ, బండి కదిలే వేళ ఒకటే. మామ్మ ఇంట్లో మగదిక్కు లేదు. పెట్టెకు ముందు కుడివైపు నువ్వే పట్టాలి అని సరయు చెప్పింది. తమ దగ్గరికి రాకపోతే పారిపోయానంటారు. వస్తే మామ్మ నా భుజం లేకుండా వెళ్లిపోతుంది. ఆమె అక్కడ కూడా నేను వచ్చానో లేదో చూసుకుంటుందని నాకు భయం.

సరయు ఇప్పుడే వచ్చి ఈ కాగితాలు చూసింది. ఇక్కడే పుట్టింది, తనకు తెలుగు చదవడం రాదు. "అన్నా, పోలీస్‌కి ఇంత లాంగ్ ఎందుకు లా? జస్ట్ సారీ చెప్పు" అంది. చెప్పుచున్నాను. సారీ అండి.

కావున తమరు దయతలచి, రేపు దహనం అయ్యేవరకు నన్ను పిలవకుండా, ఈ ముడిని ఆంటీ చేతనే విప్పించనిచ్చి, ఆ పైన ఏ శిక్ష వేసినా వేయవలెనని ప్రార్థన. నమ్మకం లేకపోతే ఒక కానిస్టేబుల్ గారిని తోడు పంపండి. ఎడమవైపు పట్టడానికి కూడా మనిషి తక్కువగా ఉన్నాడు.

చిత్తగించవలెను. చిత్తగించ వీలుకాకపోయినా, రేపు మధ్యాహ్నం దాకా ఓర్చుకొనవలెను.

తమ విధేయుడు, ఎక్కడికీ పారిపోనివాడు,
నూకరాజు

తా.క. ఇది మడిచి జేబులో పెట్టుకుంటుండగా ఎర్ర పూల చెప్పులు నా ముందు ఆగాయి. తల ఎత్తకుండానే ఎవరో తెలిసింది. వెనకాల శ్యాంసుందర్ గారు ఆఫీసు బట్టల్లోనే మామ్మ ఫోటో ముందు నిలబడి ఏడుస్తున్నారు. ఆమె పేరు రజిత గారట.

"అన్నా, నాకు తెల్వలే. ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదా" అన్నారు.

"చెప్పకూడదమ్మా" అన్నాను.

"ఆ తువ్వాల ఏది?" అన్నారు. నేను ఇవ్వలేదు. మళ్లీ చాపితే రెండో నేరం అవుతుందని భయపడ్డాను. ఆమె మామ్మ వైపు తిరిగారు. తన చున్నీ తీసి రెండు చేతుల మీద పరుచుకుని, మామ్మ కాళ్ల దగ్గర తలవంచుకుని నిలబడ్డారు. ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఉదయం తన గడప బయట చూసిందే. కుర్చీల్లోంచి ఒక్కొక్కరే లేస్తున్నారు. వేసి, మొహం తిప్పుకుంటున్నారు.

అయ్యా, ఆమెకు కూడా పర్మిట్ లేదు. ఈ దేశానికి కొత్త. ఇది నేరమయ్యేటట్టయితే దీన్ని కూడా నా పేరనే రాసుకోగలరు.