గన్నవరం మీద మూడు చుట్లు

ఢిల్లీ

అక్కకి,

తమ్ముడు నమస్కరించి రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, చంటివాడూ, అమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్లో అయితే మధ్యలోనే ఆపేస్తావు, అందుకే ఉత్తరం.

ఇక్కడ చలి ముదిరింది. షాపులో రోజంతా నిలబడి మనవైపు చేనేత చీరలు విప్పి చూపించడం, మళ్లీ మడతపెట్టడం. మధ్యాహ్నం రొట్టెలు, రాత్రికి నేనే అన్నం వండుకుంటాను. ఆరోగ్యానికి లోటేమీ లేదు. ఆదివారాలు మాత్రం ఏమీ తోచదు.

ఇక నువ్వు అలిగిన సంగతి. ఢిల్లీ నుంచి గన్నవరానికి ఆకాశంలో పద్నాలుగు వందల కిలోమీటర్లయినా లేదు. రెండున్నర గంటలు. నేను షాపుకి బస్సులో వెళ్లిరావడానికి దాదాపు అంతే పడుతుంది. ఆ లెక్క నమ్ముకునే ముహూర్తం రోజు పొద్దుటి విమానానికి టికెట్ తీశాను. ఎనిమిదిన్నరకి దిగి, ఉయ్యూరు మీదుగా పామర్రులో మన ఇంటికి పదింటికల్లా వచ్చేద్దామనుకున్నాను. పిల్లాడు పేగు మెడలో వేసుకుని పుట్టాడు కాబట్టి మేనమామకి గండమని, నేను ముందు నూనె గిన్నెలోనే వాడి ముఖం చూడాలన్నారు, అందాకా ఫొటో కూడా వద్దన్నారు. సరేనన్నాను.

విమానం వేళకే వచ్చింది. కిందంతా పొగమంచు. గన్నవరం మీద మూడు చుట్లు తిరిగాం. పక్క సీట్లో హనుమాన్ జంక్షన్ పెద్దాయన ఒకాయన కిటికీలోంచి చూస్తూ, "మా ఇల్లు ఇక్కడే ఎక్కడో ఉందండీ, దింపేస్తే నడిచిపోతా" అన్నారు. చివరికి హైదరాబాద్ తీసుకెళ్లి దింపారు. అప్పటికి ముహూర్తం దాటిపోయింది.

బస్సెక్కి రాలేకపోయాడా అన్నావట. ఎక్కబోతూనే అమ్మకి ఫోన్ చేశాను. "ముహూర్తం దాటాక ఇంటికొచ్చి ఏం చేస్తావురా? ఏ తలుపు సందులోనో పిల్లాడు కంటబడితే? నువ్వు బాగుండాలి నాయనా, వెనక్కెళ్లిపో" అంది. అంటూనే ఏడ్చింది. సాయంత్రం విమానంలో వచ్చేశాను. నాకే రావడం ఇష్టం లేదని నువ్వు అనుకుంటున్నావని తెలిసి బాధేసింది. అమ్మని ఏమీ అనకు. పోట్లాడితే నాతో పోట్లాడు.

వచ్చే ముహూర్తానికి రైల్లో వస్తాను. ఒక పగలూ రాత్రీ పడుతుంది గానీ, విజయవాడ అంటే విజయవాడలోనే దింపుతుంది. ముందురోజు రాత్రి అక్కడే బావ దగ్గర పడుకుని, పొద్దున్నే పామర్రు బస్సెక్కుతాను. తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకోవడానికి అమ్మ చేత కాస్త గోంగూర పచ్చడి పట్టించి ఉంచు.

అమ్మకి నా నమస్కారాలు. బావని అడిగానని చెప్పు. కోపం కొంచెం పక్కన పెట్టి నన్ను దీవించు.

నీ తమ్ముడు,
శ్రీను

తా.క. నిన్న బావ వాళ్ల అమ్మగారికి పంపాల్సిన చంటివాడి ఫొటో పొరపాటున నాకు పంపాడు. నా ఫోన్లో నొక్కితే గాని తెరుచుకోదు, మసగ్గా ఉంది. ఈ గండాల మీద నాకు నమ్మకం లేదని నీకు తెలుసు. వాణ్ని చూడాలని చాలా ఉందక్కా. అయినా నొక్కలేదు. తీసేయడానికీ చేతులు రాలేదు.