కుడివైపు వదిలిన చోటు

అన్నా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. నీ ఫ్లెక్సీ షాపు కంప్యూటర్ని రాయదుర్గంలో నేను పాఠాలు చెప్పే బడికి తెచ్చుకున్నాను. పిల్లలకు డిజైన్ నేర్పుతున్నాను. నువ్వు నాకు చెప్పినట్టే మొదలుపెట్టాను: బస్సులో పోయేవాడికి కూడా కనబడాలి, ముఖ్యమైనది పెద్దగా వెయ్యాలి, పక్కన కాస్త ఖాళీ వదలాలి.

ఎవరి ఫోటోతో వాళ్లు పోస్టరు చెయ్యమన్నాను. ఎనిమిది మందీ చేశారు. ప్రతి ముఖం చుట్టూ బంతిపూల దండ, అటూ ఇటూ దీపాలు, వెనకాల మబ్బులు. అన్నీ నువ్వు శ్రద్ధాంజలికి వేసే ఫ్లెక్సీల్లాగే ఉన్నాయి.

"దీపాలెందుకు?" అని అడిగాను.

"ఒక్కరి ఫోటోనే పెద్దగా ఏస్తే ఇట్లే కదా మేడమ్ ఉండేది," అంది ఐదో తరగతి మల్లిక. "మా నాయనది ఇట్లే ఉండాది."

ఆమె పోస్టరులో ఎడమవైపు పుట్టినతేదీ ఉంది. పోయిన తేదీ వేసే కుడివైపు ఏమీ లేదు.

"మీరే కదా మేడమ్ ఖాళీ ఇడిసిపెట్టమనింది."

నువ్వు పోయిన రోజు నీ ఫ్లెక్సీ కోసం ఇదే కంప్యూటర్ తెరిచాను. నీ ఫోటో, దండ, ఎడమవైపు తేదీ, అన్నీ నువ్వే పెట్టి ఉంచావు. అప్పటికే నెల కిందటి ఫైలు అది. నేను కుడివైపు మాత్రమే నింపాను. లారీ గుద్దుతుందని నీకు ముందే ఎలా తెలుసన్నా?

మల్లిక వదిలిన చోట బడి పేరు టైపు చేశాను. ఆ పిల్ల కీబోర్డు తన వైపు జరుపుకుంది.

"ఆడ రాసేది అది కాదు మేడమ్," అని మెల్లగా చెరిపేసింది.