షేరూకు వినిపించిన వీణ

తమ్ముడు నితీష్‌కు,

నువ్వక్కడ దుబాయ్‌లో ఒక్కడివే ఉన్నావని, ఫోన్‌లో చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన చెరుకు తోటలో అడవిపంది నీ కుక్క షేరూ వెనకకాలు చీల్చేసింది. బోధన్ నుంచి ఆటోలో నిజామాబాద్‌కు, పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. అక్కడి మందుల వాసనకు, తక్కిన కుక్కల అరుపులకు వాడు వణికిపోయాడు. ఎవరినీ ముట్టనివ్వలేదు. బాపు చెయ్యి కూడా కొరకబోయాడు.

"వీడు శాన మొండోడమ్మా," అన్నాడు బాపు.

"మొండితనం గాదు పెద్దయ్యా, భయం. జర ఆగుండ్రి," అంది డాక్టరమ్మ.

తలుపు మూసి, మెల్లగా వీణ పాట పెట్టింది. షేరూ మొదట చెవులు రిక్కించాడు. కాసేపటికి గుర్రుమనడం మాని నా ఒళ్లో తల పెట్టాడు. అప్పుడు మత్తు ఇంజెక్షన్ ఇచ్చింది.

కాలు మాత్రం దక్కలేదు, నితీష్. తీసేశారు.

నిన్న వాడు మూడు కాళ్ల మీదే గడప దాటి, గేదెను చూసి మొరిగాడు. వీడియో కాల్‌లో వాడిని చూసినప్పుడు ఏడవకు. నీ గొంతు వణికితే వాడు భయపడతాడు. ఎప్పటిలాగే "దా బిడ్డా" అని పిలువు. వాడు వస్తాడు.

నీ అక్క