మేబ్రీ అయ్యగారికి గుడారాల నేల

అలబామా రాష్ట్రం, హేజల్ క్రీక్ వాస్తవ్యుడను, పత్తి రైతును, అభిషేకం లేని బోధకుడను అయిన హెజెకియా ప్రూయిట్ అను నేను, గుండె బలహీనపడినా బుద్ధి గట్టిగా ఉండగానే, ఎవరి బలవంతమూ లేకుండా, బైబిలు మోకాళ్ల మీద పెట్టుకుని దాని అట్టకు కాగితం ఆనించి రాస్తున్న వీలునామా. ఇంతకుముందు రాసినవేవీ చెల్లవు. దీన్ని అమలు జరిపే బాధ్యత శవపేటికలు చేసే అమొస్ టినర్‌ది. ఎలాగూ నన్ను కొలవడానికి వస్తాడు.

1. నా భార్య లూవీనియాకు ఇల్లు, సామాను, కోళ్లు యావత్తూ సర్వహక్కులతో. ఒక్క షరతు. ఆదివారం భోజనంలో కోడి రొమ్ముముక్క బోధకుడికి పెట్టడం ఆనవాయితీ. ఎన్నో ఏళ్లు అది నాది. మన చర్చికి పాస్టరుగా రెవరెండ్ కార్ల్‌టన్ మేబ్రీ వచ్చిన మొదటి ఆదివారమే అది అతని పళ్ళెంలోకి పోయి నాకు రెక్క మిగిలింది. అడిగితే, "ఏమయ్యా, రెక్క తింటే ఎగిరిపోతావా? అయ్యగారు చదువుకున్నాయన" అంది. నా తదనంతరం ఆ ముక్క లూవీనియాయే తినాలి.

2. రోడ్డు పక్క నా నేలలో మొదటి గుడారంలో ఉంటున్న ముసలి సిస్టర్ జెరూషా బెల్‌కు నా చేతుల కుర్చీ. గుడారంలో నేల తడి, ఆమెకు మోకాళ్ల నొప్పులు. "ఓటు వేసేదాకా నేను చావను బ్రదర్, నువ్వే తొందరపడేలా ఉన్నావు" అంటుంది. ఆ కుర్చీలో కూర్చుని కాచుకోవాలి.

3. నా మేనల్లుడు ఆర్డెల్‌కు ఆదివారం కోటు, కంచరగాడిద. భూమిలో సెంటు కూడా లేదు. ఎందుకో కింద రాశాను.

4. రోడ్డు పక్క పన్నెండు ఎకరాలు. ఓటరుగా పేరు నమోదు చేయించుకున్నందుకు తెల్లదొరలు తమ పత్తితోటల నుంచి గెంటేసిన మా నల్లవాళ్ల కుటుంబాలు అక్కడ గుడారాల్లో ఉన్నాయి. మొదటి మేకు దిగగొట్టింది నేను. మేబ్రీ అప్పటికింకా అట్లాంటాలో దైవశాస్త్రం చదువుతున్నాడు. అయినా పత్రికలవాళ్లు ఫొటో తీసేది అతన్నే. వేదిక ఎక్కేదీ అతనే. పాస్టరుగా అభిషేకం లేదు గనుక నేను కింద నిలబడే బోధించాలి. అతను నోరు తెరిస్తే నాకు రావలసిన ఆమేన్‌లన్నీ అటు పోతాయి. బైబిల్లో సౌలు రాజుకు, జనం తనకంటే ఎక్కువ పొగిడిన దావీదు మీద ఎందుకు కడుపు మండిందో నాకు ఏ పండితుడూ చెప్పనక్కర్లేదు.

పత్తి కోతలయ్యాక తోటల దొర ఈ నేల కొంటానని వచ్చాడు. నేను జ్వరంతో పడుకుని కిటికీలోంచి విన్నాను. ఆర్డెల్ టోపీ తీసి, "మామకు నేను చెబుతాను దొరా. ఆయనింక ఎక్కువ రోజులుండడు" అన్నాడు. మేబ్రీ గుడారాల దగ్గర్నుంచి నడిచొచ్చాడు. "బైబిల్లో నాబోతు తన తాతల నాటి ద్రాక్షతోట రాజుకే ఇవ్వలేదు దొరా, ఈయన మీకిస్తాడా?" అన్నాడు.

ఆ వచనం నాది! అతను పుట్టకముందు నుంచీ ఆ వచనం మీద బోధించింది నేను. జనమేమో నా మంచం పక్కనే నిలబడి, "అయ్యగారు ఎంత బాగా అన్నారో!" అని మురిసిపోయారు. దొంగ. అయితే తుపాకులు పట్టుకున్న మనుషులు దొర వెనకే ఉండగా, దొర మొహం మీదే అన్నాడు. ఆర్డెల్ టోపీ ఇంకా చేతిలోనే ఉంది.

కనుక, పళ్లు కొరుక్కుంటూనే, ఆ పన్నెండు ఎకరాలూ కార్ల్‌టన్ మేబ్రీకి దఖలు పరుస్తున్నాను. గుడారాల్లోని చివరి కుటుంబానికి సొంత కప్పు దొరికేదాకా అతనికి దానవిక్రయాది హక్కులు ఉండవు. అందాకా పాస్టరు ఇల్లు వదిలి అతనూ గుడారంలోనే కాపురం ఉండాలి. చలికి గొంతు పట్టేస్తే కొంచెం తక్కువగా బోధిస్తాడు.

5. నా సమాధి దగ్గర మేబ్రీ ప్రసంగించరాదు. అతని మాటలకు ఏడుస్తారు, నాకోసం ఏడవరు. పేటిక మోయవచ్చు. తల వైపు ఇవ్వండి, బరువు అక్కడే ఎక్కువ.

రేపు ప్రభువు, "హెజెకియా, గుడారాల్లోని ఆ బిడ్డలను ఎవరికి అప్పగించి వచ్చావు?" అని అడిగితే, ఆ పేరు చెప్పక తప్పదు. చెబుతాను. గట్టిగా మాత్రం చెప్పను.

1966 ఫిబ్రవరి 20, ఆదివారం, చర్చికి వెళ్లేముందు.

(సంతకం) హెజెకియా ప్రూయిట్

సాక్షులు:
డీకన్ రూఫస్ హైటవర్
సిస్టర్ ఓలా మింటర్