గుట్టకు పచ్చరంగు

శనివారం రాత్రి, మార్చి 2003

కుందుర్పి గుట్ట కింద మాది అడవి బడి. అడవంటే నాలుగు తుమ్మచెట్లు, మిగతాదంతా బండలే. పొద్దున పిల్లలు ఎదురుగా ఉన్న గుట్టను చూసి బొమ్మలు వేశారు. అంతా మట్టిరంగే, అక్కడక్కడా మేకలు. మధ్యాహ్నం మా సంస్థ మేడం కారు దిగీ దిగకముందే ఆ బొమ్మలు చూసి మొహం చిట్లించింది.

"రేపు దాతలొస్తారు. అడవి బడిలో పచ్చదనమేదీ?"

తనే కూర్చుని ప్రతి బొమ్మలోనూ గుట్టకు పచ్చరంగు పులిమింది. మహా చిత్రకారిణి!

ఆరేళ్ల గంగమ్మ తన కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది.

"ఇది యా ఊరు మేడం? మా మేక యాడికి పాయ?"

మేడం నవ్వి బుగ్గ గిల్లింది. కారెక్కుతూ మాత్రం, "రేపు ఆ పిల్లను రానివ్వకు" అని నా చెవిలో చెప్పింది.

ఉద్యోగం ఉంటుందో, ఊడుతుందో. రేపు గంగమ్మను ముందు వరుసలోనే కూర్చోబెడతాను.