ఎర్రబడ్డ చుక్క

మంగళవారం, మధురానగర్

రేపు పొద్దున బావ తన పాత స్కూటర్ తెచ్చిస్తాడు. నా సైకిల్‌ని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానని నేనే ఒప్పుకున్నాను. సాయంత్రం దాకా ఏ దిగులూ లేదు.

హాస్టల్లో పక్క మంచం కిరణ్, కాలేజీ పనికోసం కంప్యూటర్‌లో ఒక ఊరు కట్టాడు. అందులో మనుషులంతా చుక్కలే. సైకిలంటే ఇష్టమైతే ఆకుపచ్చ, నామోషీ అయితే ఎరుపు. పక్కవాళ్లను చూసి రంగు మార్చుకుంటుంటాయి. ఒక చుక్కకి నా పేరు పెట్టి, చుట్టూ బావనీ, మా టైలర్ షాపువాళ్లనీ పెట్టాడు.

ఆ ఊరిని నడిపించగానే నేను ఎర్రబడ్డాను.

"చూసినవా భాయ్, మీ బావ దెబ్బకి ఖతం!"

"మళ్లొకసారి నడిపియ్."

ఈసారి చివరిదాకా పచ్చగానే ఉన్నాను.

"గిదేంది? ఏం మార్చినవ్?"

"ఏం మార్చలే. పొద్దుగాల ఎవరు ముందు కలుస్తరో చిట్టీ తీసినట్టు కంప్యూటరే ఎంచుకుంటది. అప్పుడు బావ కలిసిండు, గిప్పుడు ఇంకో సైకిలోడు కలిసిండు."

"మరి ఏది నిజం?"

"రెండు సుత అయ్యేటియే. జర పండనియ్."

వాడు పడుకున్నాడు. నాకు నిద్ర లేదు. పంజాగుట్ట షాపులో బావ "ఇంకా గీ సైకిలేందిరా, పోస్టుమ్యాన్ లెక్క!" అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వి సరే అన్నాను. ఆ సరే నాదేనా? శ్రీనగర్ కాలనీకి బ్లౌజులు పట్టుకుని ఒక్కణ్ణే పోయేటప్పుడు సైకిల్ నాకు బాగానే ఉంటుంది కదా. బడి మానేసింది కూడా నేనేనా, లేక అప్పుడు పక్కన ఉన్నవాళ్లా...

రేపు బావకంటే ముందు ఎవరైనా సైకిల్ మీద ఎదురైతే బాగుండు. సైకిల్ తాళంచెవి దిండు కింద పెట్టుకున్నాను.