పైడమ్మ రైలెక్కిన అధ్యాయం

జూన్ 8, ఆదివారం

నా నవల ఏడో అధ్యాయం చదివేశాను. ఎక్కడా ఆగలేదు. ఉస్లాపూర్‌లో నరసమ్మ మామ్మ ముందు గది, మేం ఐదుగురం. రిటైరైన రైల్వే గార్డు బాబాయి దీన్ని 'దీవి' అంటాడు — చుట్టూ హిందీ, మధ్యలో మనం అని. మామ్మకి చదువు లేదు, మనవరాలు స్వాతికి తెలుగు అక్షరాలు రావు. అందుకే రాసినవాళ్లు పైకి చదవాలన్నది మా పద్ధతి. ఎంత మంచి పద్ధతి... ఎదురుగా వినే మొహాలున్నాయి నాకు.

మామ్మ మాత్రం ఏమీ అనలేదు. ఇంకో గ్లాసు టీ పోసింది, అంతే.

జూన్ 9

ఆ మౌనమే తొలిచేస్తోంది. కథ ఆమెది. వాళ్ల నాన్న రైల్వే గ్యాంగు పనికి ఇక్కడికి దగ్గర్లోని గతౌరా స్టేషన్‌కి వచ్చాడు, వెంట భార్య. క్వార్టర్ దొరికాక తెచ్చుకుందామని పెద్దపిల్ల పైడమ్మని పలాస దగ్గర ఊళ్లో అమ్మమ్మకి అప్పగించారు. క్వార్టర్ వచ్చేలోపే జ్వరంతో పిల్ల పోయింది. మామ్మ ఆ తర్వాత ఇక్కడ పుట్టింది, అక్కని చూడనే లేదు. వాళ్లమ్మ బతికినన్నాళ్లూ ఆ పేరెత్తలేదట.

పేరు మార్చొద్దంది మామ్మ. మార్చలేదు. మార్చింది మిగతాది — నా అధ్యాయంలో అమ్మ ఊరెళ్లి పైడమ్మని రైల్లో తెచ్చేసుకుంది. చెయ్యి అలా పోయింది. ఒక మాట ముందే చెప్పాల్సింది ఆమెకి.

జూన్ 11

ప్యాసింజర్లో గతౌరా. రైల్వే డ్యూటీ ఉంటే తప్ప తాను దిగని చోట కోరి దిగుతున్నానని ఈయనకి ఒకటే నవ్వు. అయినా టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చారు. బెంచీ మీద కూర్చుని, పైడమ్మ దిగితే ఎటు చూసేదా అని చూస్తున్నాను. బొగ్గు గూడ్సు వెళ్లింది, బెంచీ అదిరింది. పిల్ల చెవులు మూసుకునేది కదా. ఇంటికొచ్చి ఆ ఒక్క వాక్యం చేర్చాను. ఇలాంటి రోజు దొరికినందుకు ఎవరికి దండం పెట్టాలో.

జూన్ 12

నడుం నొప్పి. ఆ బెంచీ పుణ్యం.

జూన్ 15, ఆదివారం

గుమ్మంలోనే స్వాతి: "పిన్నీ, మామ్మ సబ్‌కో, గల్లీలో అందరికీ చెప్పేస్తోంది. వాళ్లప్ప, ఆ పైడమ్మ, రైల్లో వచ్చిందట, ఎర్ర పరికిణీ, చేతిలో బెల్లం మూట..."

ఎర్ర పరికిణీ నాది. బెల్లం మూటా నాదే. ఊహించి రాసినవి.

చరిత్ర కోసం ఆమె దగ్గరికి వెళ్లి ఆమె జ్ఞాపకాన్నే చెరిపేశానా?

జూన్ 16

ఈయనతో చెప్పుకున్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నారు. ఒళ్లు మండింది. బాబాయికి ఫోన్ చేస్తే ముందు ఏడిపించాడు — నా పద్యాలు విని ఒక్కరూ నమ్మరు, నీ కథ నమ్మేశారు, నీకేం తక్కువ అని. తర్వాత మెల్లగా, వెళ్లి ఆమెనే అడుగమ్మా అన్నాడు. బాబాయి ఉన్నాడు, అదృష్టం.

జూన్ 19

వెళ్లాను. చింతపండు గింజలు తీస్తోంది. అధ్యాయం తిరగరాస్తాను మామ్మా, జరిగింది జరిగినట్టే పెడతాను అన్నాను.

"అచ్ఛా... నాకు మతి పోనాదనుకున్నావేటి?" అంది, తలెత్తకుండా. "ఆ గుంట సచ్చిపోనాదని నాకు తెల్దా? మాయమ్మ దాని పేరెత్తకుండానే ఎల్లిపోనాది. నీ కతలో దాన్ని ఎత్తుకుని దిగినాది. నలుగురికీ ఆ ముక్క సెప్పుకుంతంటే నాకు బాగుంతాది, అమ్మీ."

నాకు ఏడుపొచ్చేసింది. గింజలు నా ముందుకి తోసింది, తియ్యమని. చీకటి పడేదాకా ఇద్దరం తీశాం. ఇంత ప్రేమ నాకు ఎక్కణ్ణించి వచ్చింది?

జూన్ 21

ఎనిమిదో అధ్యాయం. పిల్ల పోతుందన్నది మొదట్నించీ అనుకున్నదే — ఇప్పుడు పైడమ్మని గతౌరా తెచ్చాక జ్వరం వస్తుంది, అక్కడే పోతుంది. ఆ తల్లి మౌనమే నా నవల. పిల్ల బతికితే ఆ మౌనానికి కారణం లేదు, ఇన్నేళ్ల పనికి వెన్నెముక లేదు.

రాయలేదు. అల్మారా సర్దాను.

జూన్ 22, ఆదివారం

చదవడానికి నా దగ్గరేమీ లేదు. బాబాయి పద్యాలతో సరిపెట్టాం. పాపం, ఈసారి నిజంగా బాగున్నాయి.

బయల్దేరుతుంటే మామ్మ గేటు దాకా వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఎప్పుడూ రాదు. నా చెయ్యి పట్టుకుంది. వచ్చే వారం చదువుతావు కదా అంది. ఊఁ అన్నాను. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.

"అయితే ఒక్కటి సెప్పు. నేను పుట్టినాక... మా యప్ప నన్ను ఎత్తుకున్నాదా?"

చెయ్యి మెల్లగా విడిపించుకున్నాను. ఆటో ఎక్కాను.

ఇప్పుడు కాగితం ముందు కూర్చున్నాను. ఇందులో మామ్మ ఇంకా పుట్టలేదు. పైడమ్మకి ఇంకా ఒళ్లు వెచ్చబడలేదు.